64 పేజీల ఆట: నంద్యాల నుంచి అహోబిలం దాకా

1977లో అమెరికాలో అచ్చయిన ఒక ఆట పుస్తకంలో రాక్షసుడికి పులి తల ఉంటుంది. ఒంటి మీద ఖరీదైన అంగీ, నోట్లో పైపు. ఆ పుస్తకం ‘మాన్‌స్టర్ మాన్యువల్’. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ళకు దారిలో ఎదురయ్యే జీవాలన్నీ అందులో ఉంటాయి. ఈ రాక్షసుణ్ని మామూలు కత్తులేవీ గాయపరచలేవు. దీవించిన బాణం ఒక్కటి తగిలితే మాత్రం ప్రాణం పోతుంది. నంద్యాలలో ఉండే నా మిత్రుడు ఆ బొమ్మను ఫోన్‌లో పంపి, “పులి, రాక్షసుడు, బాణం. ఈ మూడింటికీ సరిపోయే అడవి మా ఊరి పక్కనే ఉందిరా. కనుమ అయినాక రా. రాత్రి ఆడదాం, పొద్దున అహోబిలం పోదాం” అన్నాడు.

గుంటూరు వైపు నుంచి నంద్యాలకు వెళ్ళాలంటే పగటి రైలే ఎక్కాలి. గిద్దలూరు దాటాక బండి నల్లమలలోకి దూరుతుంది. దిగువమెట్ట, సొరంగం, చలమ, గాజులపల్లె. కిటికీకి అటూ ఇటూ అడవే. దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఈ కొండల్లోనే ఉంది. అడవి అయిపోగానే ఒక్కసారిగా చదును నేల, వరి మళ్ళు, అరటి తోటలు కనిపిస్తాయి. నంద్యాల వచ్చేసినట్టే.

ఆట తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. దీనికి గళ్ళ పలక అక్కర్లేదు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళలో ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర: యోధుడు, మంత్రగత్తె, దొంగ, పూజారి. అమ్మమ్మ కథ చెబుతుంటే మధ్యలో మనం దూరి “నేనైతే ఆ తలుపు తియ్యను, ముందు చెవి పెట్టి వింటా” అంటే, అమ్మమ్మ కాసేపు ఆలోచించి కథను అటు మళ్ళించినట్టు ఉంటుంది. ఎటు తేలుతుందో తెలియనిచోట పాచిక వేస్తారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని 1974లో మూడు చిన్న పుస్తకాలుగా పెట్టెలో పెట్టి తెచ్చారు. మొదట వేసింది 1000 పెట్టెలే. ఆ తర్వాత కూర్పు మీద కూర్పు వచ్చింది. 1977 నుంచి 1979 వరకు ‘అడ్వాన్స్‌డ్’ అనే పెద్ద పుస్తకాలు, 1981లో కొత్తవాళ్ళ కోసం టామ్ మోల్డ్‌వే కూర్చిన 64 పేజీల ‘బేసిక్’, 1989లో రెండో ఎడిషన్, 2000లో మూడోది, 2008లో నాలుగోది, 2014లో అయిదోది. ఈ అయిదో ఎడిషన్ మొదట వచ్చినప్పుడు ఆటగాళ్ళ పుస్తకమే 320 పేజీలు. ప్రపంచంలో ఎక్కువమంది ఆడేది దీన్నే. అయినా 1981 నాటి 64 పేజీల దగ్గరే ఆగిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. నా మిత్రుడు, నేను ఆ గుంపులోవాళ్ళమే. పాత వస్తువు మీద మోజు అనుకుంటారు చాలామంది. 1981 పుస్తకం వచ్చేనాటికి పుట్టనివాళ్ళు కూడా ఇప్పుడు దాన్ని వెతుక్కుని ఆడుతున్నారు. వాళ్ళకు గుర్తుతెచ్చుకోవడానికి ఏ బాల్యమూ లేదు. కాబట్టి కారణం వేరే చోట వెతకాలి.

ఆ రాత్రి మిద్దె మీద చాప పరిచి కూర్చున్నాం. మిత్రుడు, వాడి మేనకోడలు, విత్తనాల కంపెనీలో పనిచేసే ఒకాయన, డిగ్రీ కాలేజీ లెక్చరర్ ఒకాయన, నేను. నేలమాళిగ పటం కోసం మిత్రుడు పెద్దగా కష్టపడలేదు. జిల్లాలోనే బెలూం గుహలున్నాయి కదా. 3 కిలోమీటర్లకు పైగా పొడవు, 46 మీటర్ల లోతున పాతాళగంగ. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశాడు. 1982, 83లలో గెబౌర్ అనే ఆయన నాయకత్వంలో జర్మన్ బృందం దీపాలు పట్టుకుని లోపలంతా తిరిగి కొలిచింది. ఇప్పుడక్కడ కరెంటు దీపాలు, నడిచే బాటలు ఉన్నాయి. మిత్రుడి కథలో అవేవీ లేవు. కాగడా ఒక్కటే. పాత పుస్తకం ప్రకారం కాగడా గంటసేపు వెలుగుతుంది. ఆటలో గంట అంటే ఆరు వంతులు, ఒక్కో వంతు పది నిమిషాలు. రెండు వంతులకోసారి కథ నడిపేవాడు పాచిక వేస్తాడు. ఆరింట ఒకటి పడితే చీకట్లోంచి ఏదో ఒకటి వస్తుంది. గోడలు తడుముతూ తీరిగ్గా తిరగడం కుదరదు.

పాచికల విషయంలోనూ మిత్రుడిది పాత పద్ధతే. ఈ ఆటకు నాలుగు ముఖాల నుంచి ఇరవై ముఖాల దాకా రకరకాల పాచికలు కావాలి. 1979లో అమెరికాలోనే అవి చాలక, ఆటను తెచ్చిన కంపెనీ వాళ్ళు పెట్టెలో అంకెలు వేసిన అట్టముక్కలు పెట్టి అమ్మారు. నంద్యాలలో వీళ్ళు మొదలుపెట్టినప్పుడు కూడా పాచికలు లేవు. కాగితం చీటీలు చుట్టి స్టీలు గ్లాసుల్లో వేసుకున్నారు. ఇప్పుడు పాచికలు కొనుక్కునే వీలున్నా గ్లాసులు మాత్రం పోలేదు.

మొదటి తలుపు దగ్గరే విత్తనాలాయన యోధుడు గోతిలో పడి చచ్చిపోయాడు. ఆయన ‘అయ్యో’ అనుకుని కొత్త కాగితం తీసుకుని, చీటీలు తీసి, పది నిమిషాల్లో దొంగ వేషంలో మళ్ళీ మాతో కలిశాడు. పాత కూర్పులో ప్రాణం చవక. మంత్రగత్తె పాత్రకు ప్రాణబలం ఒకటి నుంచి నాలుగు లోపే. మేనకోడలి పాత్రకు రెండు పడింది. చేతిలో ఉన్నది రోజుకు ఒక్కసారి పనిచేసే నిద్ర మంత్రం. ఎదురుపడి పోట్లాడితే ఒక్క దెబ్బకు పోతుంది.

సప్తస్వరాల గుహ దగ్గరకు వచ్చేసరికి లోపల ఏవో జీవాలు కాపలా ఉన్నాయి. బెలూంలో నిజంగానే ఆ గదిలో పైనుంచి వేలాడే రాతి ఊడలను తడితే స్వరం పలుకుతుంది. ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మామా, నేను అవతలి సందులోకి పోయి కట్టెతో ఆ రాళ్ళ మీద కొడతా. సద్దు అటునుంచి వస్తే వాళ్ళు అటు పోతారు. మీరు ఇటునుంచి దూరండి” అంది. మోల్డ్‌వే పుస్తకం 64 పేజీలు తిరగేసినా ఈ పనికి లెక్క దొరకదు. మిత్రుడు గెడ్డం గోక్కుని, “ఆరింట నాలుగు. ఒకటి నుంచి నాలుగు పడితే నమ్ముతారు” అన్నాడు. గ్లాసులోంచి మూడు వచ్చింది. కత్తి తియ్యకుండా లోపలికెళ్ళి, పాతాళగంగ గట్టున ఉన్న బంగారం తెచ్చుకున్నాం. పాత కూర్పులో అనుభవం పెరిగేది ముఖ్యంగా తెచ్చిన బంగారం వల్ల. ఒక్కో నాణేనికి ఒక్కో పాయింటు. జీవాలను చంపితే వచ్చేది బహు తక్కువ. అందుకే తెలివైనవాళ్ళు పోట్లాట తప్పించుకుంటారు.

నాకు ఈ ఆటలో ప్రాణమైన చోటు అదే. కొత్త కూర్పుల్లో ఆటగాడి కాగితం నిండా నైపుణ్యాల పట్టీ ఉంటుంది. చిక్కు వచ్చినప్పుడు కన్ను ఆ పట్టీ మీదికి పోతుంది, నాకేమి వచ్చో చూసుకోవడానికి. పాత కాగితం మీద చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. కన్ను గుహ మీదికే పోవాలి.

లెక్చరర్ గారు ఒప్పుకోలేదు. “మాటకారి పిల్ల కాబట్టి గెలిచింది. బిడియస్తుడికి ఈ ఆటలో చోటేదీ? కొత్త పుస్తకంలో అయితే నోరు లేనివాడికి పాచిక నోరిస్తుంది” అన్నారు. ఆయన మాటలో న్యాయముంది. కథ నడిపేవాడు పక్షపాతి అయితే పాత కూర్పు నరకం. కొత్త పుస్తకాల్లోని ఆ వందల పేజీలు చాలావరకు అలాంటివాళ్ళ చేతుల్లో పడిన ఆటగాళ్ళకు కంచెలా ఉండటానికి రాసినవే. కానీ మంచి చేతుల్లో ఆట పడినప్పుడు ఆ కంచె అడ్డమవుతుంది. ఆ రాత్రి మిత్రుడు ఎవరు మాట్లాడకపోయినా వాళ్ళవైపు తిరిగి “నువ్వేం చేస్తున్నావు?” అని అడుగుతూనే ఉన్నాడు. అలా అడిగేవాడు ఉన్నచోట పాత కూర్పుకు సాటి లేదని నా అభిప్రాయం.

పొద్దున్నే బయల్దేరాం. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ నలభై కిలోమీటర్ల పైచిలుకు, జాతీయ రహదారి మీద శిరివెళ్ళ మీదుగా. మధ్యలో టీ కోసం పక్కదారి పట్టి ఒక పల్లెలో ఆగాం. వేపచెట్టు కింద రచ్చబండ మీద ఇద్దరు పెద్దలు పులిజూదం ఆడుతున్నారు. బండ మీద గీతలు ఎప్పుడో ఉలితో కొట్టినవి, అరిగి నున్నగా ఉన్నాయి. పైన సుద్దతో మళ్ళీ దిద్దుకున్నారు. మూడు గులకరాళ్ళు పులులు, పదిహేను చింతగింజలు మేకలు.

“యా ఊరప్పా మీది?” అన్నాడు మేకలవైపు కూర్చున్న ఆయన, పటం మీంచి కన్ను తియ్యకుండానే. చెప్పాం. మిత్రుడు పక్కన గొంతుక్కూర్చుని, “పులులు గట్టిగున్నాయి కదా పెద్దాయనా, మేకలెట్లా గెలుస్తాయి?” అని కదిలించాడు.

“మేకకు కోరలు యాడుంటాయి నాయనా? పులికి దారి లేకుండా చెయ్యల్ల. అంతే దాని బలం.”

ఈ ఆటలో రెండు వైపులకూ ఒకే న్యాయం లేదు. పులి పక్కనున్న మేక మీదుగా నేరుగా ఖాళీ చోటులోకి దూకి దాన్ని తినేస్తుంది. మేకకు తినే హక్కే లేదు. ఇరవై మూడు కూడళ్ళ పటం మీద మేకలను ఒక్కొక్కటిగా దించుతూ పోవాలి. అన్నీ దిగేదాకా వాటికి కదలిక లేదు, పులులు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. మూడు పులులూ కదలలేకపోతే మేకల గెలుపు. బలం తక్కువైనవాడు పోటీకి దిగకుండా చోటు చూసుకుని గెలవడం ఇందులో ఉంది. రాత్రి రెండు ప్రాణాల మంత్రగత్తె చేసింది కూడా ఇదేనని మేనకోడలు నాకంటే ముందే గమనించింది. పెద్దాయన పక్కకు చేరి ప్రతి ఎత్తుకూ “ఎందుకక్కడ పెట్టినావు తాతా?” అని అడుగుతూ పోయింది. ఇంతలో పులి దూకడం మీద ఆ ఇద్దరికీ పేచీ వచ్చింది. “మీ ఊర్లో ఎట్లన్నా ఆడు, మా తావ ఇట్లనే” అని ఒకరు తేల్చేశారు, ఆట సాగింది. విజయనగర కాలపు హంపిలో గుడి మండపాల నేల మీద ఇలాంటి పటాలు చెక్కి ఉన్నాయి. ఇన్ని శతాబ్దాలుగా పుస్తకం లేకుండానే ఈ ఆట నిలిచింది. ఊరికొక లెక్క ఉండటం దానికి లోపం కాలేదు. ఎక్కడికక్కడ సొంతమైంది కాబట్టే పోలేదనిపిస్తుంది.

ఆళ్ళగడ్డలోకి రాగానే ఉలి చప్పుడు. రోడ్డు పక్కన షెడ్లలో వినాయకులు, ఆంజనేయులు, నాయకుల నిలువెత్తు విగ్రహాలు, సగం చెక్కిన నందులు. ఇక్కడి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇప్పుడు కోతకు కరెంటు యంత్రాలున్నాయి, రాతి దుమ్ము గాల్లో తెల్లగా తేలుతూ ఉంటుంది. ఒక శిల్పి దగ్గర ఆగి అడుగు చదరం నల్లరాతి పలక మీద పులిజూదం చెక్కిస్తారా అని అడిగాను. “మూడు పులులదా, ఒక పులిదా?” అన్నాడాయన వెంటనే. ఆయన మాటల్లోనే తాళమానం గురించి విన్నాను. దేవతామూర్తికి ముఖం ఎంత, మొత్తం ఎత్తు దానికి ఎన్ని రెట్లు అన్నది శాస్త్రం చెబుతుంది. నవతాళమని, దశతాళమని లెక్కలు. “కొలత దాటకూడదు సార్. కండ్లల్లో చూపు మాత్రం మనదే” అన్నాడు. పాత గుడిలో మూర్తి చెడిపోతే అదే కొలతకు కొత్తది చేసిస్తారు.

మా ఆటలోనూ సరిగ్గా ఇదే జరిగింది. మొదటి కంపెనీ టీఎస్ఆర్ 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ చేతికి పోయింది. అప్పటికి పాత పుస్తకాలు అచ్చులో లేవు. 2000లో మూడో ఎడిషన్‌తోపాటు ఆ కంపెనీయే ఒక బహిరంగ లైసెన్సు ఇచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని అభిమానులు పాత ఆట కొలతలనే తమ మాటల్లో తిరిగి రాశారు. 2006లో ‘ఓస్రిక్’ వచ్చింది. ఆ తర్వాత వరసగా మరికొన్ని. 2019లో గావిన్ నార్మన్ ‘ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్’ తెచ్చాడు. 1981 ఆటను ఇంత శుభ్రంగా పేర్చిన పుస్తకం నేను ఇంకోటి చూడలేదు.

ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం వెళ్ళే దారిలో ఊళ్ళన్నీ కడిగి ముగ్గులేసి ఉన్నాయి. పార్వేట రోజులు. నరసింహస్వామి వేటగాడిగా పల్లకిలో కొండ దిగి ముప్పైకి పైగా పల్లెలు తిరుగుతాడు. నలభై రోజుల పైనే సాగుతుంది. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి తానే ఇల్లిల్లూ పిలవడానికి వస్తాడని ఇక్కడివాళ్ళ నమ్మకం. చెంచులక్ష్మిని పెళ్ళాడినవాడు కాబట్టి చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. పార్వేట మొదలయ్యేటప్పుడు చెంచులు పల్లకి వైపు బాణాలు సంధిస్తారు. పల్లకి వచ్చిన రోజే ఆ ఊరికి పండగ, ఆడపడుచులు పుట్టింటికి చేరతారు. దేవుడు వేటగాడైతే ఊరు ఊరంతా ఆయన బంధువర్గం. ఎవరి పాత్ర వాళ్ళకు తెలుసు. ఏ తరానికి ఆ తరం చూసి నేర్చుకున్నదే.

ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దగ్గరకు భవనాశిని వెంట రాళ్ళ మీదుగా ఎక్కాలి. చేతికర్రలు తీసుకున్నాం. 1981 నాటి రెండో భాగం ‘ఎక్స్‌పర్ట్’ పుస్తకంలో అడవిలో దారి తప్పే అవకాశం ఆరింట రెండు అని ఉంది. పైన పావన నరసింహుడి వైపు చీలే బాటను చూస్తే ఆ లెక్క వేసినవాడు అడవి ఎరిగినవాడే అనిపించింది. పైకి చేరేసరికి కొండ అంచు నుంచి నీళ్ళు సన్నగా రాలుతున్నాయి. స్వామి చేతులు కడుక్కున్నాడనే రక్తకుండం అక్కడే ఉంది. ఎదురుగా చీలిన కొండ, ఉగ్రస్తంభం. హిరణ్యకశిపుణ్ని చంపిన తావు ఇదేనని భక్తుల విశ్వాసం.

మేనకోడలు గట్టు మీద కూర్చుని వేళ్ళు మడుస్తూ హిరణ్యకశిపుడి వరాన్ని లెక్కపెట్టింది. పగలు కాదు, రాత్రి కాదు. ఇంట్లో కాదు, బయట కాదు. మనిషి కాదు, మృగం కాదు. నేల మీద కాదు, ఆకాశంలో కాదు. ఏ ఆయుధంతోనూ కాదు. “మామా, ఆ వరంలో ఒడి అనే మాట ల్యా. గోరు అనే మాటా ల్యా” అంది.

ఆ కొండ కింద నిలబడి వింటే ఒళ్ళు జలదరించింది. హిరణ్యకశిపుడు నియమాలను నమ్ముకున్నవాడు. తనకు ప్రమాదమయ్యే వాటిని అన్నింటినీ పట్టీ వేసి, ఒక్కొక్కదానికీ కంచె కట్టుకున్నాడు. పట్టీ ఎంత పొడవైనా లోకమంత పొడవు కాలేదు. సంధ్యవేళ, గడప, ఒడి, గోరు మిగిలాయి. నా చేతిసంచిలోని పుస్తకాన్ని 64 పేజీల దగ్గర ఆపినవాళ్ళకు అహోబిలం కథ తెలిసి ఉండదు. అయినా పట్టీలో లేని జవాబుకు చోటు వదిలిపెట్టారు. మూడు పులుల చుట్టూ మేకలను పేర్చే పెద్దాయనా, సప్తస్వరాల రాళ్ళను కొట్టిన ఈ పిల్లా వెతికింది ఆ చోటునే. పాత కూర్పులను మనుషులు వదలకపోవడానికి నాకు తెలిసిన కారణం ఇదొక్కటే. కొత్త పుస్తకాలు ఎంత అందంగా ఉన్నా, ఎంత న్యాయంగా ఉన్నా, ఆ చోటు వాటిలో ఇరుకు.

దిగువకు వచ్చి ఆళ్ళగడ్డలో భోంచేస్తున్నప్పుడు మాట తెలుగు మీదికి మళ్ళింది. రాత్రి మేం ఆడింది తెలుగులోనే, కానీ చేతిలో పుస్తకం ఇంగ్లీషుది. రచ్చబండ మీది పెద్దాయన మాతో కూర్చుంటే అందరికంటే బాగా ఆడతాడు, ఆ పుస్తకం మాత్రం ఆయనకు ఉపయోగపడదు. 1980లో వచ్చిన ‘డీటీస్ అండ్ డెమిగాడ్స్’ పుస్తకంలో ఇంద్రుడు, అగ్ని వంటి మన దేవతలకు కూడా ప్రాణబలం లెక్కలు వేసి పెట్టారు. దూరాన కూర్చుని రాసిన ఆ పేజీలను చూస్తే నల్లమలను ఎరిగినవాళ్ళు రాస్తే ఎలా ఉంటుందోనన్న ఆశ పుడుతుంది.

దీనికి చట్టం అడ్డు లేదు. పాత పద్ధతిలో నడిచే ‘బేసిక్ ఫాంటసీ’ ఉచితంగా దొరుకుతుంది. 2023లో వచ్చిన దాని నాలుగో ఎడిషన్‌ను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇచ్చారు. ఎవరైనా తెలుగు చేయవచ్చు, మార్చవచ్చు, అచ్చు వేయవచ్చు. మూలం పేరు చెప్పి, తమ పుస్తకాన్ని కూడా అదే షరతుతో అందరికీ వదిలితే చాలు. కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాల్లో ఊరి ఆటల లెక్కలు తెలిసినవాళ్ళు, బెలూం, యాగంటి, అహోబిలం దారులు నడిచినవాళ్ళు, పిల్లలకు కథలు చెప్పే ఉపాధ్యాయులు ఈ పనికి ముందుకు రావాలి. మంత్రాల పట్టీ, జీవాల పట్టీ తెలుగులో పెట్టే పని నేను మొదలుపెట్టాను. మిగతా అధ్యాయాలకు చేతులు కావాలి.